పాతబస్తీ ప్రసూతి సేవలలో నర్సు ప్రాక్టీషనర్ల పాత్ర

ప్రత్యేక వ్యాసం

హైదరాబాదు పాతబస్తీ వాసులకు పేట్లబుర్జు ప్రభుత్వ ఆధునిక ప్రసూతి ఆసుపత్రిని ఆ పేరుతో చెప్పడం కంటే ‘జచ్గీఖానా’ అని చెబితేనే త్వరగా తెలుస్తుంది. మూసీకి దక్షిణపు ఒడ్డున, నయాపూల్‌కు సమీపంలో ఉన్న ఈ ఆసుపత్రి ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి. శాలిబండ, యాకుత్‌పురా, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బహదూర్‌పురా ప్రాంతాల గర్భిణులతో పాటు, పొరుగు జిల్లాల ఆసుపత్రులు తమ వల్ల కాదని పంపించే క్లిష్టమైన కేసులు కూడా ఇక్కడికే చేరుతుంటాయి. రక్తహీనత, అధిక రక్తపోటు, గుర్రపువాతం, కాన్పు అనంతర రక్తస్రావం వంటి ప్రాణాపాయ స్థితులలో ఉన్నవారిపై వైద్యుల దృష్టి ముందుగా నిలవడం సహజం, సమంజసం. అయితే ఏ చిక్కూ లేని ఆరోగ్యవంతురాలైన గర్భిణి నొప్పులు పడుతున్న 8, 10 గంటల పాటు ఆమె పక్కన ఉండేదెవరు అన్న ప్రశ్నకు ఇటువంటి పెద్ద ఆసుపత్రులలో చాలాకాలం సరైన సమాధానం లేకపోయింది. ఆ ఖాళీని పూరించడానికి రూపొందినదే నర్సు ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ విధానం.

ఉన్నత శిక్షణ పొందిన నర్సుకు రోగిని పరీక్షించి, స్థితిని నిర్ణయించి, నిర్ణీత పరిధిలో స్వయంగా చికిత్స చేసే బాధ్యతను అప్పగించే పద్ధతి ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే శిశువైద్యుడు కలిసి మొదటి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. గ్రామాలలో వైద్యులు లభించని పిల్లలకు ఆరోగ్య సేవలు అందించడం అప్పటి ఉద్దేశం. మన దేశంలో ఈ ఆలోచన రెండు శాఖలుగా సాగింది. అందులో మొదటిది అత్యవసర చికిత్సా విభాగాలకు ఉద్దేశించినది. భారత నర్సింగ్ మండలి రూపొందించిన రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్సు ప్రాక్టీషనర్ రెసిడెన్సీ కోర్సు దీనికి ఆధారం. రెండవది ప్రసూతి విభాగం. కోర్సుకు తగిన ప్రత్యేక పోస్టులు దానితో పాటు ఏర్పడకపోవడం వల్ల మొదటి శాఖ విస్తరణ మందకొడిగా ఉండగా, రెండవ శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల వరకు చేరింది. ఈ విషయంలో హైదరాబాదు నగరానికి దేశంలో ప్రత్యేక స్థానం ఉంది.

జనానా ఆసుపత్రి వారసత్వం

స్త్రీలకు స్త్రీలే వైద్యసేవ చేయాలన్న అభిప్రాయం పాతబస్తీలో శతాబ్దానికి పైబడినది. నిజాం పాలనలో, ఇప్పటి హైకోర్టు సమీపంలో నిర్మించిన విక్టోరియా స్మారక జనానా ఆసుపత్రికి 1906లో అప్పటి వేల్స్ యువరాణి శంకుస్థాపన చేశారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పురుష వైద్యుల ముందుకు రావడానికి ఇష్టపడని కాలంలో, ఇళ్లలో దాయీల చేతుల మీదుగా జరిగే కాన్పులను ఆసుపత్రికి మళ్లించడమే జనానా ఆసుపత్రుల లక్ష్యం. ‘జచ్గీఖానా’ అన్న పేరు ఆనాటిదే. మూసీకి ఆవలి వైపున రెడ్ హిల్స్‌లో ఉన్న నిలోఫర్ ఆసుపత్రి పుట్టుక కూడా ఇటువంటిదే. తన పరిచారిక ఒకరు కాన్పులో మరణించడం యువరాణి నిలోఫర్‌ను కలచివేసిందని, ఆ దుఃఖమే 1953లో ప్రారంభమైన ఆ ఆసుపత్రికి ప్రేరణ అయిందని నగరంలో అందరికీ తెలిసిన విషయమే.

ఈ నేపథ్యం కేవలం చరిత్ర కాదు. నేటికీ పాతబస్తీలోని అనేక కుటుంబాలు ప్రసవ గదిలో ఎవరు ఉంటారన్న విషయాన్ని అడిగి తెలుసుకున్న తరువాతనే ఆసుపత్రిని ఎంచుకుంటాయి. మాటలాడే భాష కూడా ముఖ్యమే. గర్భిణి దక్కనీ ఉర్దూలో తన బాధను చెప్పుకుంటుంటే, దానిని అర్థం చేసుకుని అదే భాషలో ధైర్యం చెప్పగల నర్సు దగ్గర ఆమె నిబ్బరంగా ఉంటుంది. దాయీ మీద ఒకప్పుడు ఉన్న నమ్మకానికి సగం కారణం ఆమె ఇంటి మనిషిలా వెంట ఉండడమే. నైపుణ్యం లేకపోవడం వల్ల ఆమెను పక్కనపెట్టిన వైద్య వ్యవస్థ, ఆమె ఇచ్చిన ఆ తోడును కూడా చాలాకాలం పక్కనపెట్టింది.

ఇక్కడ ఒక మాటను స్పష్టం చేయవలసి ఉంది. మిడ్‌వైఫ్ అన్న పదానికి పత్రికలలో ‘మంత్రసాని’ అని వాడడం కనిపిస్తుంది. అది పొరపాటు అభిప్రాయానికి దారితీస్తుంది. మంత్రసాని, దాయీ సంప్రదాయంగా నేర్చుకున్నవారు. నర్సు ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ మాత్రం ముందుగా నర్సింగ్ విద్య పూర్తిచేసి, రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేయించుకుని, కొంత అనుభవం గడించిన తరువాత మరో 18 నెలల పూర్తికాల శిక్షణ పొందిన నిపుణురాలు.

రాష్ట్రంలో ఆరంభం

ప్రసూతి వైద్యానికి పేరుపొందిన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 1948లో హైదరాబాదులో రెండు పడకలతో మొదలైంది. ఆ సంస్థ 2011లో వృత్తిపరమైన మిడ్‌వైఫరీ విద్యను చేపట్టింది. ఆ అనుభవాన్ని ప్రభుత్వ ఆసుపత్రులకు అందించే ఉద్దేశంతో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో ప్రభుత్వ సర్వీసులోని 30 మంది నర్సులతో 18 నెలల శిక్షణను ప్రారంభించాయి. కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలపై మార్గదర్శకాలను వెలువరించినది 2018 డిసెంబరులో. అంటే జాతీయ విధానం కంటే ముందుగానే రాష్ట్రంలో తొలి జట్టు శిక్షణలో ఉన్నదన్నమాట. మరుసటి సంవత్సరం, 2019లో, హైదరాబాదులోని ఇదే సంస్థ దేశంలో తొలి జాతీయ మిడ్‌వైఫరీ శిక్షణ సంస్థగా గుర్తింపు పొందింది.

జాతీయ మార్గదర్శకాల ప్రకారం శిక్షణ అంచెలవారీగా సాగుతుంది. జాతీయ సంస్థలలో అధ్యాపకులు తయారవుతారు. వారు రాష్ట్ర స్థాయి శిక్షణ సంస్థలలో నర్సులకు బోధిస్తారు. 18 నెలలలో మొదటి ఏడాది పాఠాలు, ప్రసవ గదిలో అభ్యాసంతో గడుస్తుంది. చివరి 6 నెలలు ఇంటర్న్‌షిప్. శిక్షణ పూర్తయినవారు ప్రసవాల రద్దీ ఉన్న ఆసుపత్రులలో మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే ప్రసవ విభాగాలలో పనిచేయాలన్నది ఉద్దేశం. ఈ విభాగం ఆసుపత్రికి దూరంగా ఎక్కడో ఉండదు. ప్రసూతి వైద్యుల విభాగానికి ఆనుకునే ఉంటుంది. అవసరం ఏర్పడిన క్షణంలో గర్భిణిని పక్క గదిలోని వైద్యుల చేతికి అప్పగించగలగడమే దాని భద్రత.

స్టాఫ్ నర్సుకు, ప్రాక్టీషనర్‌కు తేడా

ప్రసవ గదిలో స్టాఫ్ నర్సు సాధారణంగా వైద్యుల ఆదేశాలను అమలు చేస్తుంది. సెలైన్ ఎక్కించడం, మందులు ఇవ్వడం, కేసు షీటు రాయడం, పుట్టిన బిడ్డను చూడడం ఆమె పనులు. ఒకే సమయంలో ఎందరో గర్భిణులను చూడవలసి రావడం వల్ల ఎవరి దగ్గరా ఎక్కువసేపు నిలవడం ఆమెకు సాధ్యం కాదు. నర్సు ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ పని తీరు వేరు. ఆమె మొదటి పని ఎంపిక. వచ్చిన గర్భిణికి రక్తపోటు, రక్తహీనత, మధుమేహం, గతంలో సిజేరియన్, బిడ్డ అడ్డంగా లేదా ఎదురుకాళ్లతో ఉండడం, కవలలు వంటి అపాయ సూచనలు ఉన్నాయా అని పరిశీలించి, ఉన్నవారిని వైద్యులకు పంపుతుంది. లేనివారి బాధ్యతను తాను స్వీకరిస్తుంది. ఈ ఎంపిక సరిగా జరగకపోతే మిగతా శిక్షణ ఎంత ఉన్నా ప్రయోజనం శూన్యం.

నొప్పులు మొదలైన తరువాత ఆమె చేసే పనులలో చాలావరకు చేయకుండా ఆగడంలోనే ఉంటాయనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల ప్రకారం గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచే చురుకైన ప్రసవ దశగా పరిగణించాలి. అంతకుముందు నొప్పులు నెమ్మదిగా సాగడం సహజమే. ఆ దశలోనే తొందరపడి నొప్పులు పెంచే ఇంజెక్షన్లు ఎక్కించడం, కాన్పు సాగడం లేదని శస్త్రచికిత్సకు నిర్ణయించడం అనవసరపు సిజేరియన్లకు ఒక ముఖ్య కారణం. మిడ్‌వైఫ్ ఆ సమయంలో గర్భిణిని నడిపిస్తుంది, మంచినీళ్లు, తేలికపాటి ఆహారం ఇప్పిస్తుంది, నడుముకు మర్దన చేస్తుంది, నిర్ణీత వ్యవధులలో బిడ్డ గుండె చప్పుడు విని నమోదు చేస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టే పాత పద్ధతికి బదులు, గర్భిణి తనకు వీలైన భంగిమలో, కూర్చుని గాని పక్కకు తిరిగి గాని, బిడ్డను కనడానికి వీలు కల్పిస్తుంది. మొదటి కాన్పు అయితే చాలు కోత పెట్టి కుట్లు వేయడం అన్న అలవాటును కూడా ఇదే సిఫారసుల పత్రం సమర్థించలేదు.

బిడ్డ పుట్టిన వెంటనే రక్తస్రావాన్ని నివారించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం, వెంటనే కోయకుండా కొంత ఆగి బొడ్డుతాడు కత్తిరించడం, బిడ్డను తల్లి గుండెల మీద ఉంచి మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించడం ఆమె బాధ్యతలే. మాయ పూర్తిగా పడిందో లేదో, గర్భాశయం గట్టిపడిందో లేదో ఆమె చూస్తుంది. పరిస్థితి చేయి దాటుతున్నట్లు తోచినప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదు ఇచ్చి వైద్యులను పిలవడం కొత్తగా దక్కిన అధికారం కాదు. అత్యవసర పరిస్థితులలో ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు కూడా ఇటువంటి మందులను ఇవ్వవచ్చని నిపుణ ప్రసవ సహాయంపై కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఎన్నడో అనుమతించాయి. కాగితం మీద ఉన్న ఆ అనుమతిని వాడుకునే ధైర్యాన్ని, అభ్యాసాన్ని ఇవ్వడమే ఈ శిక్షణ ప్రత్యేకత.

భార్య లేదా కోడలు లోపల ఉంటే కుటుంబం గేటు బయట నిలబడి ఉండడం పెద్ద ఆసుపత్రులలో మామూలు దృశ్యం. గర్భిణికి నచ్చిన ఒక స్త్రీని, తల్లిని గాని, అత్తను గాని, అక్కను గాని, ప్రసవ గదిలోకి అనుమతించాలని 2017 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమం నిర్దేశిస్తున్నది. తెరలు, తలుపులు లేని ఉమ్మడి ప్రసవ గదిలో ఇది అమలు కావడం కష్టం. మిడ్‌వైఫ్‌లు పనిచేసే చోట గర్భిణికి విడిగా చోటు ఉండడం వల్ల ఆ నియమం ఆచరణలోకి వస్తుంది. ఘోషా పాటించే కుటుంబాలకు ఈ ఏర్పాటు మందుల కంటే ముందు కనిపించే మేలు.

సిజేరియన్ల సమస్య

తెలంగాణలో 2019-20లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి. అంటే ఇంటి కాన్పుల సమస్య దాదాపు తీరినట్లే. ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగిన కాన్పులు 2015-16 నాటి 4వ సర్వేలో 30.5 శాతం ఉండగా, 5వ సర్వే నాటికి 49.7 శాతం అయ్యాయి. 2017 జూన్‌లో పేట్లబుర్జు ఆసుపత్రి నుంచే ప్రారంభమైన కేసీఆర్ కిట్ పథకం, గర్భిణులను తీసుకువచ్చి దించే 102 వాహనాలు ఈ పెరుగుదలకు తోడ్పడ్డాయి. మాతృ మరణాల విషయంలోనూ రాష్ట్రం మెరుగైన స్థానంలో నిలిచింది. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం 2018-20 కాలానికి లక్ష సజీవ జననాలకు తెలంగాణలో మాతృ మరణాలు 43. అదే కాలంలో దేశ సగటు 97.

అయితే అదే 5వ సర్వేలో మరో అంకె ఉంది. రాష్ట్రంలో జరిగిన కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులలో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత తల్లీబిడ్డల మరణాలు మరింత తగ్గుతున్నట్లు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. తల్లిని కాపాడడానికి చేసే శస్త్రచికిత్సను ఎవరూ ప్రశ్నించరు. ముహూర్తం చూసుకుని కోయించుకోవడం, నొప్పులంటే భయం, మొదటిది సిజేరియన్ కాబట్టి రెండవదీ అంతే అన్న భావన, గంటల తరబడి వేచి ఉండలేని ఆసుపత్రి పద్ధతులు ఇన్నీ కలిసి ఆ అంకెను అక్కడికి చేర్చాయి. ఎక్కువమంది పిల్లలను కనే కుటుంబాలలో దీని ప్రమాదం మరింత ఎక్కువ. ప్రతి సిజేరియన్ తరువాతి గర్భంలో మాయ పాత కోత మచ్చకు అతుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. అటువంటి కేసులు చివరికి చేరేది పేట్లబుర్జు వంటి ఆసుపత్రులకే. రక్తహీనత దీనికి తోడవుతుంది. రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని అదే సర్వే తెలిపింది.

మిడ్‌వైఫ్‌లను నియమించగానే సిజేరియన్లు సగానికి తగ్గుతాయని కొన్ని ప్రకటనలలో కనిపించే ధీమాకు మాత్రం ఆధారాలు చాలవు. మిడ్‌వైఫ్ ఆధ్వర్యంలో నిరంతర సంరక్షణపై కోక్రేన్ సంస్థ 2024లో సవరించి ప్రచురించిన సమీక్ష 17 అధ్యయనాలను, 18 వేలకు పైగా స్త్రీల వివరాలను పరిశీలించింది. సహజ ప్రసవాలు 66 శాతం నుంచి 70 శాతానికి పెరిగాయి. కోత పెట్టి కుట్లు వేయడం 23 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది. సిజేరియన్లు తగ్గినది 16 నుంచి 15 శాతానికే. పైగా ఆ అధ్యయనాలు ప్రధానంగా సంపన్న దేశాలలో, సిజేరియన్లు మొదటి నుంచీ తక్కువగా ఉన్నచోట్ల జరిగినవి. 60 శాతం దాటిన చోట ఫలితం అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. అయితే అక్కడ సిజేరియన్లను నిర్ణయించేది మిడ్‌వైఫ్ కాదు. చాలా ప్రైవేటు ఆసుపత్రులలో ఆమె లేదు, ముహూర్తం ఆమె పెట్టదు. కాబట్టి ఈ విధానాన్ని సిజేరియన్ల అంకెతో మాత్రమే తూచడం ఆ నర్సులకు న్యాయం కాదు. మొదటి కాన్పులో అనవసరపు కోత తప్పిన ప్రతి స్త్రీకి తరువాతి కాన్పులన్నీ తేలిక అవుతాయి. అసలు లాభం అక్కడే ఉంది.

అమలులో చిక్కులు

శిక్షణ పూర్తయిన నర్సును ఏ విభాగంలో నియమిస్తారన్నది మొదటి ప్రశ్న. 18 నెలల పాటు ప్రసవ సంరక్షణలో శిక్షణ పొందిన వ్యక్తిని సిబ్బంది కొరత కారణంగా సాధారణ వార్డుకో ఆపరేషన్ థియేటరుకో పంపిస్తే, ఆమెపై వెచ్చించిన సమయమంతా వృథా. సాధారణ బదిలీల నిబంధనలు స్టాఫ్ నర్సులందరికీ ఒకే తీరుగా వర్తించినంత కాలం ఈ ప్రమాదం తప్పదు. జీతం, పదోన్నతి, హోదా విషయాలలో ప్రత్యేక శ్రేణి లేకపోతే, బాధ్యత పెరిగినా ప్రతిఫలం పెరగని ఉద్యోగానికి అనుభవజ్ఞులు ముందుకు రావడం కూడా కష్టం.

బోధనాసుపత్రులలో మరొక చిక్కు ఉంది. పీజీ విద్యార్థులు, హౌస్ సర్జన్లు కూడా సహజ ప్రసవాలు చేసే నేర్చుకోవాలి. ఒకే ప్రసవ గదిలో ఎవరి కేసు ఎవరిదన్న విషయంలో స్పష్టమైన లిఖిత నియమం లేని చోట, మిడ్‌వైఫ్ తిరిగి సహాయకురాలి స్థానానికే పరిమితమవుతుంది. జిల్లా ఆసుపత్రులలో ఆమె త్వరగా నిలదొక్కుకోవడానికి, నగరంలోని పెద్ద ఆసుపత్రులలో ఎక్కువ సమయం పట్టడానికి ఈ తేడాయే కారణమని భావించవచ్చు. ప్రసూతి విభాగాధిపతి పేరుతో, ఏ గర్భిణులు మిడ్‌వైఫ్ పరిధిలోకి వస్తారు, ఏ లక్షణం కనిపించిన వెంటనే ఎవరిని పిలవాలి, ఎన్ని నిమిషాలలో వారు రావాలి అన్నవి రాసి గోడకు అంటించిన చోట తగవులు తక్కువ.

చట్టపరమైన పునాది ఇప్పుడు కొంత బలపడింది. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. నర్సింగుతో పాటు మిడ్‌వైఫరీని కూడా ఒక వృత్తిగా చట్టం పేరులోనే పేర్కొన్నారు. మిడ్‌వైఫ్‌ల వృత్తి పరిధిని వివరించే పత్రాన్ని కేంద్రం అంతకుముందే, 2021లో వెలువరించింది.

పాతబస్తీకి సంబంధించి ఆసుపత్రికి వెలుపలి పని కూడా తక్కువ కాదు. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, 2018 నుంచి ఏర్పాటైన బస్తీ దవాఖానాలలో నెలనెలా పరీక్షలకు వచ్చే గర్భిణులకు కాన్పు గురించి ముందుగా చెప్పేవారు ఎవరైనా ఉంటే, నొప్పుల సమయంలో భయం సగం తగ్గుతుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇళ్లకు వెళ్లి అత్తగారితో, భర్తతో మాట్లాడగలరు. ప్రసవ గదిలో ఆమెను చూసుకోబోయే మిడ్‌వైఫ్ ఒకసారి ముఖాముఖి పరిచయం కావడం వేరు. నెలకు ఒకటి రెండు రోజులు మిడ్‌వైఫ్‌లు ఈ కేంద్రాలకు వెళ్లేలా డ్యూటీ చార్టు వేయడం ఆసుపత్రి సూపరింటెండెంట్ స్థాయిలోనే తీసుకోగల నిర్ణయం.

సంఖ్య విషయంలో అధికారులు గమనించవలసినది ఒకటుంది. ప్రసవాలకు పగలు, రాత్రి తేడా లేదు. రోజుకు మూడు షిఫ్టులు, వారపు సెలవులు, రాత్రి డ్యూటీ తరువాతి విశ్రాంతి, ప్రసూతి సెలవులు లెక్కిస్తే, షిఫ్టుకు ఇద్దరు చొప్పున ఒక విభాగాన్ని 24 గంటలూ నడపడానికి కనీసం 10 మంది మిడ్‌వైఫ్‌లు కావాలి. ఇద్దరినో ముగ్గురినో నియమించిన ఆసుపత్రిలో వారు పగటి వేళ మాత్రమే కనిపిస్తారు. రాత్రి వచ్చిన గర్భిణికి పాత పద్ధతే మిగులుతుంది.